కారం తోడు కోరే తీపి

రీస్లింగ్ వైన్ సీసాల వరస తుడవడం అయిపోయింది. దైవాశీర్వాదం చేతిలోని గుడ్డను తిరగేసి, మోకాలి మీద చెయ్యి ఆనించి కింది అరకేసి వంగాడు. సీసాని మెడ పట్టుకుని బయటికి లాగడం, భుజాల మీది దుమ్ము తుడవడం, లేబుల్ మనిషి మొహంలోకి చూసేలా తిప్పి పెట్టడం. పదకొండేళ్లుగా అమెరికాలో, పిస్కాటవే ఊళ్లోని ఆ లిక్కర్ షాపు తలుపు తెరవగానే ఆయన చేసే మొదటి పని ఇదే. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. సీసా మీద దుమ్ముంటే కొనేవాడికి లోపలున్నదాని మీద గౌరవం పోతుందని ఆయన నమ్మకం.

మనిషి పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. అరవై రెండేళ్లు. మీసం పూర్తిగా తెల్లబడింది, కనుబొమలు మాత్రం ఎందుకో నల్లగానే ఉండిపోయాయి. షాపువాళ్లిచ్చిన మెరూన్ చొక్కాకి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఆ ముక్కు తప్ప. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అలాంటి ముక్కు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుందో ఉండదో! నర్సాపురం కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా ఉన్నప్పుడు లేబుల్ ఊడిపోయిన సీసాల మూత తీసి, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని, ఇది ఫలానా అని చెప్పేసేవాడు. లెక్చరర్లు నవ్వుకుంటూనే ఆ మాట నమ్మేవాళ్లు.

అమెరికాకి ముందు వచ్చింది ఆయన భార్య రూతు, నర్సు ఉద్యోగం మీద. రెండేళ్ల తర్వాత కూతురు క్రిస్టీని వెంటబెట్టుకుని ఆయన వచ్చాడు. గ్యాస్ స్టేషన్‌లో కొన్నాళ్లు, డోనట్ల దుకాణంలో కొన్నాళ్లు. ఎక్కడా కుదురుకోలేదు. చివరికి ఈ షాపులో చేరాడు. ఆ సంగతి చెప్పిన రోజు రూతు అన్నం ముట్టలేదు. ముప్పై రెండేళ్ల వయసులో తాగి తాగి చచ్చిపోయిన అన్న శవం ముందు కూర్చుని ఏడ్చిన మనిషి ఆమె. మర్నాడు మూడు షరతులు పెట్టింది. సీసా ఇంటి గుమ్మం దాటకూడదు. షాపు చొక్కా గరాజ్‌లోనే విప్పెయ్యాలి. తెలుగు చర్చిలో ఎవరడిగినా "స్టోర్‌లో చేస్తున్నాను" అనాలి, ఏ స్టోరో చెప్పకూడదు.

ఆయన మూడూ పాటించాడు. చర్చిలో ఆదివారం "వందనాలు బ్రదర్" అని చెయ్యి కలిపినవాళ్లలో కొందరు శుక్రవారం సాయంత్రం తలవంచుకుని ఆయన షాపుకే వచ్చేవాళ్లు. ఎవరి సంగతీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అన్నిటికన్నా చిత్రం, ఆయన ఒక్క చుక్క తాగి ఎరగడు. చిన్నప్పుడు చర్చిలో మద్యం ముట్టనని ప్రమాణం చేశాడు, అంతే. కంపెనీవాళ్లు కొత్త సీసా తెచ్చి గ్లాసులో పోస్తే వాసన చూసి పక్కన పెట్టేసేవాడు. ఇక తిండితో ఏది నప్పుతుందన్న లెక్క అంతా కొన్నవాళ్లను అడిగి నేర్చుకున్నాడు. "మొన్న తీసుకెళ్లారు కదండీ, ఏం వండారు? ఎలా కుదిరింది?" అని ప్రతివాళ్లనీ అడిగేవాడు. ఎవరింట్లో గోంగూర మాంసానికి ఏ వైన్ తేలిపోయిందో, ఎవరి పెరుగువడలకి ఏది అతికినట్టు సరిపోయిందో అన్నీ ఆయనకి గుర్తే. తానెప్పుడూ కూర్చుని తినని వేల భోజనాల రుచి ఆ బుర్రలో ఉంది.

పదింటికి జేబులో ఫోన్ మోగింది. చర్చి సిస్టర్ దమయంతి. పగలు రూతు దగ్గర కూర్చుంటున్నది ఆమే.

"బ్రదర్, జావ రెండు స్పూన్లు పట్టాను. ఉండలేదండీ, బయటికొచ్చేసింది. ఇప్పుడు పడుకుంది."

"ఏమన్నా అందా?"

"అదే మాట. ఇనప గరిటె నాకినట్టుందంట."

ఫోన్ జేబులో పెట్టుకుని ఆయన మళ్లీ గుడ్డ అందుకున్నాడు. రూతుకి పాంక్రియాస్‌లో కేన్సర్. మందులు ఇక పనిచెయ్యవని నెల కిందట ఆపేశారు. ఇంటికొచ్చి చూసే నర్సు, "అమ్మకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి, ఇంక పథ్యం ఏమీ లేదు" అని చెప్పింది. కానీ తినాలనిపించేది ఏదీ లేదు. ఆరు వారాలుగా ఆమె నోటికి అన్నీ ఇనుమే. ఘాటు వాసనలకి వికారం పెరుగుతుందని ఇంట్లో తాళింపు మానేశాడు. ఇడ్లీ, పెరుగన్నం, మీగడ, చర్చివాళ్లు తెచ్చిన చప్పిడి పప్పు, డబ్బాల్లో వచ్చే చిక్కటి పాలు. అన్నీ చెంచా దగ్గరే ఆగిపోయాయి. ఫ్రిస్కోలో ఉంటున్న క్రిస్టీ శనివారం ఫ్లైట్‌కి వస్తోంది, ఇవాళ గురువారం. ఇంట్లో ఉండిపోతానంటే రూతు ససేమిరా ఒప్పుకోలేదు. "నా మొహం చూస్తూ కూర్చుంటే నాకే నీరసంగా ఉంటుంది, వెళ్లండి" అని తరిమేసింది. ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. పోయేలోపు ఆమె ఒక్క ముద్దయినా రుచి తెలిసి తినాలి. అంతకుమించి దేవుణ్ని ఏమీ అడగడం లేదు. అడగాల్సినవన్నీ ఎప్పుడో అడిగేశాడు, ఏదీ జరగలేదు.

పన్నెండు దాటాక అలేఖ్య వచ్చింది. దగ్గర్లోని మందుల కంపెనీలో పనిచేసే అమ్మాయి, ఆయన్ని అంకుల్ అంటుంది.

"అంకుల్, ఈవెనింగ్ మా టీమ్‌వాళ్లు డిన్నర్‌కి వస్తున్నారు. చేపల పులుసు ప్లాన్ చేశాను. ఏ వైన్ పెట్టాలో అస్సలు ఐడియా లేదు. రెడ్ తీసుకోనా?"

"రెడ్ వద్దమ్మా. చింతపండు పులుపుకి అది చేదెక్కుద్ది. మిరపకాయ మంట ఇంకా రేగుద్ది." ఆయన వెనక్కి నడిచి, సన్నగా పొడవుగా ఉన్న ఒక ఆకుపచ్చ సీసా తీశాడు. "ఇది తీసుకెళ్లు. గెవుర్జ్‌ట్రామినర్ అంటారు. నాకూ నోరు తిరగదులే, నేను అత్తరు సీసా అంటాను. మూత తియ్యగానే గులాబీ, లిచీ పండు, వెనకాల కొంచెం అల్లం. తియ్యగా ఉంటాది."

"స్వీటా? వద్దు అంకుల్. లాస్ట్ టైమ్ ఇలాంటిదే సలాడ్‌తో ట్రై చేశాం. దగ్గు మందు తాగినట్టుంది."

"సలాడ్‌తో ఎందుకు బాగుంటాదమ్మా!" ఆ మాట అనేసరికి ఆయన గొంతు కాస్త లేచింది. ఈ ఒక్క విషయంలోనే ఆయన గొంతు లేచేది. "చప్పిడి తిండి పక్కన పెడితే ఈ తీపికి చెయ్యడానికి పనుండదు, వెగటు పుడుద్ది. పక్కన కారం ఉండాలి, పులుపు ఉండాలి. కారం నోటిని లేపుద్ది, తీపి ఆ మంటని సర్దుద్ది, అప్పుడు వాసన తెలుస్తాది. కాకపోతే ఆల్కహాల్ తక్కువున్న సీసా చూసుకోవాలి, లేపోతే మంట మీద మంట. ముందు నోరు మేలుకోవాలమ్మా. నిద్రపోతున్న నోట్లో నువ్వెంత మంచిది పెట్టినా..."

ఆగిపోయాడు.

అలేఖ్య ఒక క్షణం చూసింది. "అంకుల్? ఆర్ యూ ఓకే?"

ఆయన సీసా ఆమె చేతిలో పెట్టి, "పులుసులో బెల్లం వెయ్యకమ్మా, తీపి ఇందులో ఉంది" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది. ఆయన మాత్రం ఆ అర ముందు నిలబడే ఉన్నాడు. ఊళ్లోవాళ్లందరికీ చెప్పే మాట! ఇన్నేళ్లుగా నోరు నొప్పెట్టేలా చెప్పిన మాట! సొంత ఇంట్లో ఆరు వారాలుగా దానికి సరిగ్గా ఎదురు చేస్తూ వచ్చాడు. వికారం వస్తుందని నోటిని జోకొట్టి పడుకోబెట్టి, ఆ నోరు రుచి చెప్పడం లేదని ఏడుస్తున్నాడు. తన మీద తనకి ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. వెర్రివెధవని, అనుకున్నాడు పైకే.

అదే వైన్‌లో నాలుగు రకాలు దించి, వెనక సన్నక్షరాల్లో ఉన్న ఆల్కహాల్ శాతం కళ్లజోడు పైకెత్తి చదివి, అన్నిట్లోకీ తక్కువున్న సీసా పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. షాపు ఓనరు శశికాంత్ కరీంనగర్ మనిషి. ఆయన చేతిలో సీసా చూసి నోరెళ్లబెట్టాడు.

"అంకుల్, మీరు బాటిల్ కొంటున్నరా?"

"ఇంటికి. రూతుకి."

శశికాంత్ సీసాని కాగితం సంచిలో పెట్టి ఇచ్చాడు. "పోండి అంకుల్. షాపు నేను చూస్కుంట. ఇయ్యాల మళ్ల రాకండి."

దారిలో ఇండియన్ స్టోర్‌లో వంజరం చేప ముక్కలు, లేత బెండకాయలు కొన్నాడు. ఇంటికి చేరి, గరాజ్ తలుపు ఎత్తకుండా, మెరూన్ చొక్కాతోనే, సంచిలోంచి మెడ బయటికి పెట్టిన సీసాతో ముందు గుమ్మంలోంచి లోపలికి నడిచాడు.

దమయంతి డైనింగ్ టేబుల్ దగ్గర బైబిల్ చదువుకుంటోంది. "అదేంటండీ బ్రదర్, చేతిలో?"

"వైన్."

"అయ్యో, అక్క చూస్తే..."

"చూపించడానికే తెచ్చానమ్మా. చేపల పులుసు వండి పెడతాను."

"పొద్దున జావే నిలవలేదు! ఆ వాసనకి వాంతి అయితే ఏం చేస్తారు?"

ఆ భయం ఆయనకీ ఉంది, దారి పొడుగునా ఉంది. సీసాతోనే ముందుగదిలోకి వెళ్లాడు. కిటికీ పక్కన వేసిన ఆసుపత్రి మంచం మీద రూతు కళ్లు తెరుచుకునే ఉంది. ఒకప్పుడు రోగుల్ని ఒక్క చేత్తో పక్కకి తిప్పిన మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఎవరూ లేనట్టే ఉంది. జుట్టంతా పోయి మొలకలు వచ్చాయి. మొహంలో మిగిలినవి కళ్లే. ఆ కళ్లు ముందు చొక్కాని చూశాయి, తర్వాత సీసాని.

"రూతూ, సీసా తెచ్చాను," అన్నాడాయన. "వద్దంటే సింకులో పారబోస్తాను. చెంచాలో కలిపి మందని చెప్పి పోయడం నావల్ల కాదు."

"మా అన్నయ్యని తినేసింది అదే కదండీ." గొంతు గాలిలా వస్తోంది.

"అవును."

"మీరు తాగుతున్నారా?"

"తాగలేదు. ఎప్పుడూ తాగలేదు."

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మరి ఏది మంచిదో జనాలకి ఎలా చెప్తారు? ఆ షాపులో మీరేం చేస్తారో నేను ఒక్కసారి కూడా అడగలేదు, కదా?"

ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ల నాడు అడగాల్సిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పాడు. వాసన చూసి పక్కన పెట్టేయడం గురించి చెప్పాడు. వేపుడు కూరకి, పులుసు కూరకి సీసా ఎందుకు మారుతుందో చెప్పాడు. అలేఖ్య సంగతి చెప్పాడు. ఒకరింట్లో కొత్త కోడలు వండిన మొదటి గోంగూర మాంసానికి సీసా ఎంచి ఇస్తే, ఆ అత్తగారు ఇండియా వెళ్లే ముందు షాపుకొచ్చి దండం పెట్టిన సంగతి చెప్పాడు. ఆయన ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడగా దమయంతి ఎప్పుడూ వినలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అంత పని వచ్చా మీకు!" అంది రూతు. "సీసాలు అందిస్తుంటారు కాబోలు అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానండీ. నా మొగుడికి ఇంత విద్య ఉందని చెప్పుకోలేకపోయాను."

"ఇప్పుడవన్నీ ఎందుకులే."

"వండండి. వంటింటి తలుపు వేసుకోకండి, వాసన రానివ్వండి." కాస్త ఆగి అంది, "వాంతైతే అవనివ్వండి. నేను నర్సునే."

ఆయన వండుతుంటే దమయంతి ఇంటికి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి, "ప్రార్థన చేసుకుంటాను బ్రదర్" అని మాత్రం అంది. నూనెలో మెంతులు, ఎండుమిరపకాయలు, కరివేపాకు చిటపటమన్నాయి. ఉల్లిపాయ ముద్ద వేగి రంగు తిరిగింది. ఆయన ఒక చెవి ముందుగదిలోనే పడేసి ఉంచాడు. దగ్గు వినిపిస్తే స్టవ్ ఆపేద్దామని చెయ్యి దాని మీటకి దగ్గర్లోనే ఉంచాడు. దగ్గు రాలేదు. చిక్కటి చింతపండు పులుసు పోసి, బెండకాయలు, చివర్లో చేపముక్కలు వదిలి, గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని కుదిపాడు. ముళ్ల భయంతో చేప జోలికి పోకుండా, పులుసు మాత్రం మెత్తటి అన్నంలో కలిపి, పళ్లెం అంచున నాలుగు చిన్న ముద్దలు పెట్టాడు. క్రిస్టీకి చిన్నప్పుడు పెట్టినట్టే ఒక్కోదాని మీదా బొటనవేలితో గుంట నొక్కి, అందులో చెంచాడు పులుసు పోశాడు.

ముందు గ్లాసు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అడుగున లేత బంగారు రంగులో రెండు గుక్కలున్నాయి.

రూతు కళ్లు మూసుకుంది. "పన్నీరు," అంది. "మన పెళ్లిలో చల్లారు చూడండి, అది. మా పిన్ని నా కళ్లల్లో కొట్టింది."

"నువ్వు పాస్టరుగారి ముందే తిట్టావు."

ఆమె పెదాలు నవ్వడానికి సాగాయి. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టాడు. ఆమె చాలాసేపు నోట్లోనే తిప్పుకుంది. మింగింది. ఆయన వైన్‌లో చెంచా ముంచి పెదాల మధ్య వంచాడు. ఇద్దరూ ఎదురుచూశారు. కిటికీ అవతల స్కూల్ బస్సు ఆగి, పిల్లల్ని దించి వెళ్లిపోయింది. వికారం రాలేదు.

రెండో ముద్ద. మళ్లీ చెంచా. ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి, ఎవరో దూరం నుంచి పిలుస్తుంటే విన్నట్టు.

"పులుపు," అంది. తర్వాత కంట్లో నీరు తిరిగింది. "కారం తెలుస్తోందండీ. నాలిక చివర మండుతోంది. అమ్మయ్యా..."

ఆయన తొందరలో చెంచా వంచితే కాస్త దుప్పటి మీద ఒలికింది. మూడో ముద్ద ఆమె తనే నోరు తెరిచి అడిగింది. నమిలి, మింగి, వైన్ చప్పరించి, ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయన వండిన ప్రతిసారీ పెట్టిన మొహమే పెట్టింది.

"ఉప్పు తగ్గింది," అంది రూతు.

దైవాశీర్వాదం మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉప్పు తగ్గిందట! ఇంతకన్నా మంచి మాట ఈ భూమ్మీద ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆమె పుల్లలాంటి వేళ్లతో ఆయన మోచెయ్యి తడిమింది.

"ఇంకొక్కటుంది, పెట్టనా?"

"కాసేపాగి తింటాను. ఉంచండి, తీసెయ్యకండి." కళ్లు మూతలు పడ్డాయి. "చాలా బాగుందండీ."

ఆయన దుప్పటి సర్ది, వంటింట్లోకి వెళ్లి పులుసులో ఉప్పు వేశాడు. కొంచెం వేసి, వాసన చూసి, ఇంకొంచెం వేశాడు. రాత్రికి మళ్లీ పెట్టొచ్చు. రేపటికైతే ఊరి ఇంకా బాగుంటుంది. క్రిస్టీకి ఫోన్ చేశాడు.

"మీ అమ్మ తిన్నదే! చేపల పులుసు. మూడు ముద్దలు. ఉప్పు తగ్గిందని నన్ను తిట్టింది."

"నిజంగా డాడీ? ఓ మై గాడ్! అమ్మకి ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడాలి."

"ఉండు, ఇప్పుడే కళ్లు మూసుకుంది. చూస్తాను."

ఫోన్ పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. ఎండ మంచం దాకా పాకి, ఆమె మెడ మీద పడుతోంది. రూతు తల కిటికీవైపు ఒరిగి ఉంది. పెదాలు మూసుకుని, ఇంకా ఏదో చప్పరిస్తున్నట్టే ఉన్నాయి. దుప్పటి లేవడం లేదు. ఆయన వంగి, తన ముక్కు ఆమె ముక్కుకి దగ్గరగా పెట్టాడు. పన్నీరు, చింతపండు, మెంతులు. ఊపిరి మాత్రం తగల్లేదు.

"డాడీ? అమ్మ లేచిందా?" ఫోన్‌లోంచి క్రిస్టీ అడుగుతోంది. "డాడీ?"

ఆయన కూతురికి ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో తర్వాత ఆయనకే గుర్తులేదు. నర్సు వచ్చి టైము రాసుకుంది. దమయంతి పరుగున వచ్చి, ఏడుస్తూనే గది సర్దడం మొదలుపెట్టింది. గ్లాసు కడిగింది. సీసాకి మూత బిగించి వంటింటి గట్టు మీద పెట్టింది. మరక పడ్డ దుప్పటి మార్చింది. చివరికి మంచం పక్కనున్న పళ్లెం మీద చెయ్యి వేసింది.

"అది ఉంచమంది," అన్నాడు దైవాశీర్వాదం.

దమయంతి చెయ్యి వెనక్కి తీసుకుంది. పళ్లెం అంచున నాలుగో ముద్ద అలాగే ఉంది, బొటనవేలు నొక్కిన గుంటలో చెంచాడు పులుసుతో.